పేరు చెప్పని బిడ్డ

మైదుకూరు బజారులో వేణుగోపాల్ శెట్టి పసుపు మండీ పొద్దున్నే అందరికంటే ముందు తెరుచుకుంటుంది. శెట్టి తన చేతులతోనే గడప కడిగి, అమ్మవారి పటానికి ఊదుబత్తి వెలిగించి, పరుపు మీద తెల్లదుప్పటి ముడత లేకుండా లాగి, బాలీసుకు ఆనుకుని కూర్చుంటాడు. ఆయన వెనక పైకప్పు దాకా గోనెసంచులు. ముందు వరస సంచుల మూతులు విప్పి ఉంటాయి. లోపల మంచి రంగున్న పసుపు కొమ్ములు కనిపిస్తుంటాయి. దోవన పోయే రైతు "శెట్టి దగ్గర సరుకు శానా ఉండాదే" అనుకుంటాడు. అలా అనుకోవాలనే ఆ సంచులు అక్కడ ఉన్నాయి. పైన జానెడు పసుపు, కింద అంతా శెనక్కాయ పొట్టు.

ఈ సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు. శెట్టికి, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మకు, ఒక్కగానొక్క కూతురు అమూల్యకు. పొట్టు నింపింది ఆడవాళ్ళిద్దరే. ధర వస్తుందని నిలవబెట్టిన పసుపు పుచ్చిపోయి, మిగిలింది అడిగినంతకు పోయి, మండీ లోపల్లోపలే చచ్చిపోయింది. మాట మీద నడిచే వ్యాపారంలో చావు కంటే చావు కబురుకే ఎక్కువ భయపడతారు. శెట్టి ఆ కబురు బయటికి పోకుండా కాపలా కాస్తూ బతుకుతున్నాడు. ఇంట్లో రెండు పూటలా చారన్నం తిని, గడప దాటేటప్పుడు నోట్లో వక్కపొడి వేసుకుంటాడు. పరువు కోసం మనిషి ఎంత చాకిరీ చేస్తాడో చూడాలంటే ఆయన్నే చూడాలి. అందులో సగం చాకిరీ వ్యాపారానికి చేసి ఉంటే మండీ నిలబడేదేమో.

ఇట్లాంటి ఇంట్లో పుట్టి అమూల్య బుద్ధిగా చదువుకుంది. కడపలో డిగ్రీ ముగించి, దేశమంతా రాసే పరీక్ష రాసి, బెంగుళూరులో పేరున్న ఒక సంస్థలో ఎమ్మే ఎకనామిక్స్ సీటు తెచ్చుకుంది. సీటు వచ్చిన రోజు శెట్టి బజారంతా లడ్లు పంచాడు. ఆ లడ్ల డబ్బుతో హాస్టలుకు అడ్వాన్సు కట్టి ఉండవచ్చని అమూల్యకు తోచింది గానీ, తండ్రి ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూసి ఊరుకుంది. తీరా ఫీజు మాట ఎత్తేసరికి ఆ ముఖానికి పేపరు అడ్డం వచ్చింది. నెలాఖరులోగా మొదటి ఏడు ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

అమూల్య తానే బ్యాంకుకు పోయి అడిగి వచ్చింది. చదువుకు అప్పు ఇస్తామన్నారు. తండ్రి సంతకం కావాలి, ఆయన పన్ను కాగితాలు కావాలి, తర్వాత బ్యాంకు మనిషి ఒకసారి వచ్చి అంగడి చూసిపోతాడు.

"అంగడి చూసేదానికొస్తాడా?" శెట్టి పేపరు దించాడు. "వాడొచ్చి సంచిలో చెయ్యి పెడితే?"

"అప్పు నాకు నాయనా, నీకు గాదు. ఉద్యోగం చేసి నేనే కట్టుకుంటా."

"ఆ చెయ్యి బయటికొచ్చేది పొట్టుతోనే గదమ్మా. సాయంత్రానికి బజారంతా తెలిసిపోతాది. ఇంగ నా తలకాయ యాడ పెట్టుకోవాల?"

ఆ దారి అట్లా మూసుకుపోయింది. సంస్థ వాళ్ళు ఇంకొక దారి చూపించారు. ఇంటి ఆదాయం తక్కువని తహసీల్దారు కాగితం ఇస్తే ఫీజు మాఫీ చేస్తారట. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. శెట్టి ఇంట్లో దండిగా ఉన్న సరుకు ఆ నిజం ఒక్కటే, దాన్ని మాత్రం ఆయన అమ్మకానికి పెట్టడు.

"వార్డు సచివాలయంలో కూర్చునే ఆ శిల్ప మన వెనకవీధి పిల్ల," అన్నాడు. "అర్జీ ఇచ్చి నువ్వు ఇల్లు చేరకముందే ఇంటింటికీ చెప్తాది, వేణుగోపాల్ శెట్టికి ఆదాయం లేదంట అని. ఒద్దమ్మా. ఆ మాటొకటి నా చెవిన పడితే నేను బతకను."

రాజ్యలక్ష్మమ్మ అంతసేపూ వంటింటి గడపలో నిలబడి వింటూ ఉంది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మెడలో నుంచి రెండు పేటల గొలుసు తీసి మొగుడి ముందు పెట్టింది. పుట్టింటివాళ్ళు పెట్టినది. ఇల్లంతా కరిగిపోయినా అదొక్కటి మిగిలింది.

"దీన్ని అమ్మండి. బిడ్డ చదువుకంటే ఎక్కువా?"

"పిచ్చి గానీ పట్టిందా నీకు? బోసిమెడతో అమ్మవారిశాలకు పోతావా? ఆడోళ్ళ కండ్లు ముందు పడేది మెడ మీదనే. తియ్. మెడలో వేసుకో."

"అట్లయితే నేను చదువుకోవద్దా నాయనా?" అంది అమూల్య.

"ఎవురొద్దన్నారు? కడపలోనే చదువుకో. అడిగినోళ్ళకు బెంగుళూరు నీళ్ళు పాపకు పడవని నేను చెప్పుకుంటాలే."

అమూల్యకు ఒళ్ళు మండిపోయింది. రాత్రింబవళ్ళు కూర్చుని సంపాదించుకున్న సీటును ఈయన నీళ్ళ మీదికి తోసేస్తున్నాడు. నిజం చెబితే అప్పు వస్తుంది, నిజం చెబితే మాఫీ వస్తుంది, గొలుసు అమ్మితే డబ్బు వస్తుంది. మూడూ ఇంట్లోనే ఉన్నాయి. అయినా ఆమె బజారు కళ్ళ కోసం చదువు మానుకోవాలి. తండ్రి మీద జాలి పడడం అలవాటైన పిల్ల ఆ రోజు మొదటిసారి ఆయన్ను అసహ్యించుకుంది.

ఇక మిగిలింది విద్యానిధి. ఊళ్ళో వైశ్య వ్యాపారులంతా చందాలు వేసుకుని నడిపే నిధి అది. కాలేజీలు తెరిచే ముందు ఒక ఆదివారం తమ కులదేవత గుడి అయిన అమ్మవారిశాల మండపంలో సభ పెట్టి, లేనింటి పిల్లలకు ఫీజులిస్తారు. ఊరికే ఇవ్వరు. పిల్లను వేదిక మీదికి పిలిచి, పేరు, గోత్రం, తండ్రి పేరు, ఆయన వ్యాపారం ఎట్లా పోయిందో మైకులో చదువుతారు. శాలువా కప్పుతారు. తండ్రిని కూడా పిలిచి దాతకు దండ వేయిస్తారు. మరునాడు జిల్లా పేజీలో ఫోటో. మండీ బాగున్న రోజుల్లో వేణుగోపాల్ శెట్టి మెడలో అట్లాంటి దండలు ఎన్నో పడ్డాయి.

నిధి కార్యదర్శి పెద్దసుబ్బయ్య. వయసు మీదపడిన కిరాణా వర్తకుడు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసి అమూల్య ఆయన అంగడికి పోయింది. బెల్లం దిమ్మల పక్కన నిలబడి, ఉన్నదంతా చెప్పింది. పొట్టు సంగతి ఒక్కటి చెప్పలేదు. చెప్పనక్కరలేకుండానే ముసలాయన తల ఊపాడు.

"నీకియ్యకపోతే ఎవరికిస్తామమ్మా? సభ రోజు నాయన్ను పిలుచుకునిరా."

"అదే తాతా. నాయనకు తెలీకూడదు. నా పేరు చదవొద్దు."

"చదవొద్దా?" ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. "సభలో చెప్పనిదే చెక్కు రాసేదానికి లేదు. ఇచ్చేటోళ్ళకు పేరు గావాల గదా తల్లీ. తీసుకునేటోళ్ళు తలొంచుకుంటేనే గదా వాళ్ళ తల పైన కనపడేది."

అంత మాట తన నోటి నుంచే వచ్చినందుకు ఆయనకే సిగ్గేసినట్టుంది. కాసేపు తక్కెడ పళ్ళేన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. చివరికి, "సరే పో. పేరు చెప్పని బిడ్డ అని చదువుతా. కమిటీలో ఎవురికీ నీ సంగతి చెప్పను. నా మాట మీద నమ్మమంటా," అన్నాడు. అమూల్య ఆ బజారులోనే ఆయన కాళ్ళకు మొక్కబోతే వద్దని వారించాడు. అర్జీ మీద తల్లి సంతకం పెట్టింది.

సభ రోజు మండపం కిటకిటలాడింది. నిధి అధ్యక్షుడు రాఘవేంద్రప్రసాద్ వేదిక నడుమ కూర్చున్నాడు. సిమెంటు, ఇనుము అమ్మి, ప్లాట్లు వేసి పైకి వచ్చినవాడు. వేణుగోపాల్ శెట్టి పరుపు మీద కూర్చుని పసుపు ధర చెబుతున్న కాలంలో ఇతను సైకిలు మీద మేకులు అమ్ముకునేవాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మరిచిపోలేదు, వచ్చిన చిక్కంతా అదే. వేదిక మీద కుర్చీలు ఈ ఏడు చందా ఇచ్చినవాళ్ళకు. శెట్టి కింద మొదటి వరసలో కూర్చున్నాడు. సిల్కు కండువా సర్దుకుంటూ, పైన చోటు చాలక తానే పెద్దమనసు చేసుకుని దిగివచ్చినట్టు ముఖం పెట్టాడు. ఆడవాళ్ళ వైపు అమూల్య, రాజ్యలక్ష్మమ్మ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచారు. జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక తండ్రి తల వంచుకుని మెట్లెక్కి, తల వంచుకునే దిగాడు. అతని చీరల అంగడి ఎట్లా మూతపడిందో రాఘవేంద్రప్రసాద్ మైకులో కథలాగా చెప్పాడు. జనం అయ్యో అన్నారు. దండ వేసేటప్పుడు ఫోటో సరిగా రాలేదని ఇంకోసారి వేయించారు.

అందరూ అయ్యాక పెద్దసుబ్బయ్య లేచాడు.

"ఇంకొక బిడ్డ ఉండాది. మన ఊరి బిడ్డే. పీజీ సీటొచ్చింది. తండ్రి వ్యాపారం దెబ్బతినింది. పేరు చదవొద్దని అడిగింది. కమిటీ ఒప్పుకునింది. చెక్కు రాసినాము." గబగబా అనేసి కూర్చోబోయాడు.

అమూల్య ఊపిరి పీల్చుకుంది. అయిపోయింది. ఇక బెంగుళూరు.

మండపంలో గుసగుసలు మొదలయ్యాయి. మన ఊరంట. పీజీ అంట. ఎవరబ్బా? ఊళ్ళో పీజీ సీటు వచ్చిందని లడ్లు పంచింది ఎవరో లడ్లు తిన్నవాళ్ళకు గుర్తుండదా? తలలు ఒకటొకటే మొదటి వరస వైపు తిరిగాయి. శెట్టి మెడ నిటారుగా ఉంది గానీ, కండువా కొసను చుట్టే వేళ్ళు ఆగిపోయాయి.

రాఘవేంద్రప్రసాద్ నిదానంగా మైకు అందుకున్నాడు.

"పేరు చెప్పుకోలేని కష్టం ఎవరికొచ్చిందో పాపం. ఎవరిదయితేనేం, మనమే ఆదుకోవాల. ఒకప్పుడు ఈ నిధికి అందరికంటే ముందు చెయ్యెత్తిన మన వేణుగోపాలన్న గూడా ఈడే ఉండాడు. కింద కూర్చోనుండాడు. ఏమన్నా, మీరేమంటారు?"

ఒకప్పుడు అన్నచోట అతను ఒత్తి పలికాడు. కింద అన్నచోట నవ్వాడు.

శెట్టి లేచాడు. మెట్లెక్కి, అడక్కుండానే మైకు తీసుకున్నాడు.

"అనేదేముందప్పా ప్రసాదూ. ఆ బిడ్డ ఎవరో నాకు తెలీదు, తెలుసుకోబోను. నిధి డబ్బు ఆ పాపకు ఒద్దు. ఆ చెక్కు ఇంకొక బిడ్డకియ్యండి. ఈ ఏడు ఫీజంతా నేను కడతా. వేణుగోపాల్ పసుపు మండీ కడతాది."

చప్పట్లతో మండపం అదిరిపోయింది. ఎవరో ఈల కూడా వేశారు. రాఘవేంద్రప్రసాద్ ముఖం మాడిపోయింది. మాడిన ముఖంతోనే దండ తెప్పించి శెట్టి మెడలో వేయక తప్పలేదు. తిరిగిన తలలన్నీ మళ్ళీ ముందుకు తిరిగాయి. ఎవరి పిల్లకో ఫీజు కట్టేవాడు తన పిల్లను నిధి దగ్గరికి ఎందుకు పంపుతాడు? అనుమానం అక్కడికక్కడే తీరిపోయింది.

పెద్దసుబ్బయ్య ఒక్కడే లేచి నిలబడి, "శెట్టీ, నిధి నుంచే మంజూరయిపోయిందప్పా, నువ్వు ఇంకొక బిడ్డకు..." అని గొణిగాడు. శెట్టి వినలేదు. "లేదు. ఈ బిడ్డకే," అన్నాడు. చెక్కు అక్కడికక్కడే రద్దయింది. ఎర్రగుంట్ల నుంచి వచ్చిన ఇంకొక అమ్మాయికి ఆ డబ్బు రాశారు. పెద్దసుబ్బయ్య ఆడవాళ్ళ వైపు చూసి, చూడలేక కళ్ళు దించుకున్నాడు.

అమూల్య చేతికి అందిన ఫీజును కన్నతండ్రి చప్పట్లకు అమ్ముకున్నాడు. ఆయన దగ్గర ఏముంది కట్టడానికి? శెనక్కాయ పొట్టు ఉంది. సభల్లో ఇట్లా మాటిచ్చి, తర్వాత కనబడకుండా తిరిగే పెద్దమనుషులను ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. నిధి అడుగుతుంది, ఈయన రేపంటాడు, మళ్ళీ రేపంటాడు. ఈలోగా నెలాఖరు వస్తుంది.

ఇంటికి వచ్చాక దండను పటానికి తగిలిస్తున్న తండ్రిని చూసి ఆమె పళ్ళు నూరింది. వంటింట్లో తల్లి కొంగు పట్టుకుని ఏడ్చింది.

"ఆ బిడ్డ నేనే అని చెప్పేస్తా. ఏమయితే అదయితాది."

రాజ్యలక్ష్మమ్మ పొయ్యి కట్టేసి కూతురి వైపు తిరిగింది. ఆమె ముఖంలో అమూల్య ఎన్నడూ చూడని గట్టితనం ఉంది.

"చెప్తే అయిపాయ. మీ నాయన నీకని తెలిస్తే ఇయ్యడు. ఊరికని తెలిస్తే ఇస్తాడు. ఇరవై అయిదేండ్లు కాపురం చేసినా, నాకు తెల్దా? నువ్వు నోరు మూసుకోనుండు."

ఆ శుక్రవారం రాజ్యలక్ష్మమ్మ అమ్మవారిశాలకు పారాయణానికి పోయింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె నలుగురిలో మొగుడి మాట ఎత్తిన పాపాన పోలేదు. ఆ రోజు ఎత్తింది. పారాయణం ముగిసి పానకం పంచుతుంటే, అందరికీ వినబడేటట్టు మొదలుపెట్టింది.

"మా ఆయన్ది అదేమి గుణమో అక్కా, మాటిచ్చినాడంటే ఇంగ నిద్ర పట్టదు. వారం లోపలే ఆ బిడ్డకు కట్టేయాలని ఒకటే పోరు. ఆ ప్రసాదు అంతటోడికి లేకపాయనే ఆ మనసు, అనుకున్నా నేను."

చివరి మాట రాఘవేంద్రప్రసాద్ భార్య పక్కన ఉండగా అన్నది. తర్వాత ఎవరూ ఏమీ చేయనక్కరలేకపోయింది. మర్నాడు పొద్దున్నే రాఘవేంద్రప్రసాద్ కారు మండీ ముందు ఆగింది. అతను దిగకుండానే అద్దం దించి, "ఏమన్నా, వారం లోపలే కడతాండావంట గదా? పేపరోళ్ళను పిలిపించమంటావా?" అని బజారంతా వినబడేటట్టు అడిగాడు. "పిలిపించప్పా. బుధవారం," అన్నాడు శెట్టి. ఇంకేమంటాడు?

మధ్యాహ్నం ఆయన ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. భార్య వైపు చూడకుండా అన్నాడు.

"ఆ గొలుసు ఇటియ్యి."

"దేనికి?"

"మాటిచ్చినా గదా."

"బోసిమెడతో అమ్మవారిశాలకు యెట్ల పోయేది?"

"గిల్టుది తెస్తాలే. ఎవురు గీకి చూస్తారు?"

రాజ్యలక్ష్మమ్మ గొలుసు తీసి ఆయన చేతిలో పెట్టింది. తలుపు చాటున నిలబడి అమూల్య అంతా విన్నది. కావలసింది జరుగుతోంది, సంతోషపడాలి. కానీ సరిగ్గా ఈ గొలుసే కొన్నాళ్ళ కింద ఈ చోటే తన కోసమని పెడితే, ఈ మనిషే పిచ్చి పట్టిందా అన్నాడు. కూతురికి లేని గొలుసు ఊరూపేరూ లేని పిల్లకు వచ్చింది. ఆ పిల్లా తానూ ఒకటే కాకపోయి ఉంటే, అప్పుడు కూడా ఇట్లాగే తెగించేవాడు కదా! అదే ఆమెకు మింగుడు పడలేదు.

మైదుకూరులో అమ్మితే తెలిసిపోతుందని శెట్టి ప్రొద్దుటూరుకు బస్సెక్కాడు. సాయంత్రం డబ్బుతోనూ, రెండు పేటల గిల్టు గొలుసుతోనూ తిరిగి వచ్చాడు. రాజ్యలక్ష్మమ్మ దాన్ని మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది. "అచ్చం అట్లనే ఉండాది," అంది. ఆమె అంత ప్రశాంతంగా అనడం చూసి అమూల్య అక్కడ నిలబడలేకపోయింది.

బుధవారం నిధికి డబ్బు అప్పగించారు. ఫోటో తీశారు. పెద్దసుబ్బయ్య ఆ సాయంత్రమే దాన్ని సంస్థకు కట్టేశాడు. అమూల్య సీటు నిలబడింది. హాస్టలు ఖర్చుకు బెంగుళూరులోనే ఒక పిల్లకు ట్యూషను చెప్పేటట్టు ఫోనులో కుదుర్చుకుంది.

ఇక తండ్రికి ఏమని చెప్పాలి? రాజ్యలక్ష్మమ్మ అన్నం వడ్డిస్తూ, "పాపకు సంస్థోళ్ళే ఫీజు మాఫీ చేసినారంట. పోతాండాది," అంది. అమూల్య పళ్ళేనికేసి చూస్తూ ప్రశ్నలకు సిద్ధపడింది. కరివేపాకు రెమ్మ ధర కూడా మూడుసార్లు అడిగే మనిషి. ఎంత మాఫీ చేశారు, ఎందుకు చేశారు, కాగితం ఏదీ అని గుచ్చి గుచ్చి అడుగుతాడు.

"ఊఁ, మంచిది," అన్నాడు శెట్టి. చారు పోయమన్నాడు.

అంతే. నా చదువంటే ఈయనకు ఇంతే లెక్క అనుకుంది అమూల్య. ఆ మాట ఆమెకు బాగా లోతుగా దిగింది.

ఆపైన రోజులు ఇంకా చేదుగా గడిచాయి. సాయంత్రమైతే మండీ అరుగు మీద నలుగురు చేరేవారు. వాళ్ళ మధ్య శెట్టి ఆ పేరు చెప్పని బిడ్డను తిట్టేవాడు.

"అంత దుడ్డు కట్టినా గదప్పా. ఒక్కతూరి వచ్చి మొక్కిపోతే ఆ పిల్ల సొమ్మేం పోయింది? పేరు చెప్పొద్దన్నా, మనిషి రావొచ్చు గదా. వాళ్ళమ్మా నాయనా ఎట్ల పెంచినారో. కృతజ్ఞత లేని కాలం వచ్చింది."

నలుగురూ అవునవునంటూ తలలూపేవారు. నిజమే శెట్టీ, నీ మాదిరి ఇచ్చేటోళ్ళు యాడుండారు అనేవారు. కాఫీ గ్లాసులు అందించడానికి వచ్చిన అమూల్య ఆ తిట్లన్నీ నిలబడి వినేది. వాళ్ళమ్మా నాయనా ఎట్లా పెంచారో నాకు బాగా తెలుసు నాయనా అనాలని నోటి దాకా వచ్చేది.

బయలుదేరే రోజు వచ్చింది. బెంగుళూరు బస్సు సాయంత్రం బస్టాండులో ఆగుతుంది. శెట్టి సిల్కు కండువా వేసుకుని, పెట్టె తానే మోస్తానని పట్టుబట్టి వచ్చాడు. రాజ్యలక్ష్మమ్మ మెడలో గిల్టు గొలుసు ఎండకు అసలు దానికంటే ఎక్కువ మెరుస్తోంది. టీ అంగడి దగ్గర రాఘవేంద్రప్రసాద్ మనుషులు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. శెట్టి వాళ్ళకు చెయ్యెత్తి పలకరించాడు.

బస్సు వచ్చింది. అమూల్య తల్లిని కావలించుకుంది. తల్లి ఏడవలేదు. "బాగా చదువుకోమ్మా," అని ఊరుకుంది. తర్వాత అమూల్య వంగి తండ్రి కాళ్ళకు మొక్కింది. ఆయన తల మీద చెయ్యి పెట్టాడు. ఆమె లేచింది. అన్నాళ్ళుగా అరుగు మీద విన్నదంతా అప్పుడు గొంతులోకి వచ్చింది. మళ్ళీ వంగింది.

"ఇది ఆ పిల్ల మొక్కు నాయనా," అంది, ఆయన పాదాల మీద నుంచి చెయ్యి తీయకుండా. "ఒక్కతూరయినా వచ్చి మొక్కలేదంటివి గదా."

తండ్రి అదిరిపడతాడనుకుంది. ఎవరా పిల్ల అని అడుగుతాడనుకుంది. ముఖం పాలిపోతుందని, లేకపోతే చెంప పగలగొడతాడని, ఏదో ఒకటి జరుగుతుందని తల ఎత్తి చూసింది.

శెట్టి ఆమె వైపు చూడడం లేదు. టీ అంగడి వైపు చూస్తున్నాడు. ఆమె రెక్క పట్టుకుని గబుక్కున లేపాడు.

"లెయ్ లెయ్," అన్నాడు గొంతు తగ్గించి. "రెండుతూర్లు మొక్కితే చూసేటోళ్ళకు అనుమానమొస్తాది."

అయితే నాయనకు తెలుసన్న మాట. అన్నం పళ్ళెం ముందు ఏమీ అడగకుండా చారు పోయమన్నప్పుడే తెలుసు. అరుగు మీద కాఫీ అందుకుంటూ తిట్టినప్పుడూ తెలుసు.

"ఎప్పటి నుంచి తెలుసు నాయనా?" అని అడిగింది.

"బస్సెక్కు. కదులుతాండాది."

"వేదిక ఎక్కినప్పుడు తెలుసునా?"

ఆయన పెట్టె లోపలికి తోసి, ఆమెను మెట్టు మీదికి నెట్టాడు. ఆ చేతిలో ప్రేమ లేదని ఆమె అనలేదు. ఉంది. ఎవరూ చూడకుండా ఉన్నంతసేపే ఉంది. ఆమె కిటికీ దగ్గర కూర్చునేసరికి తల్లి ఆమె వైపే చూస్తోంది. తండ్రి అప్పటికే టీ అంగడి వైపు తిరిగాడు.

"మా పాపప్పా!" అంటున్నాడు గట్టిగా. "బెంగుళూరోళ్ళే పిలిచి, రూపాయి లేకుండా ఉత్తినే చదివిస్తాండారు. నాకేమీ ఖర్చు లేదు!"

టీ అంగడి దగ్గర వాళ్ళు తలలూపారు. బస్సు కడప రోడ్డెక్కింది. వచ్చే ఏడు ఫీజుకు మళ్ళీ ఒక సభ కావాలి, మళ్ళీ ఎవరో ఒకరు నాయనను అందరి ముందు అవమానించాలి అనుకుంది అమూల్య. అమ్మ మెడలో అమ్మడానికి ఇక ఏమీ లేదు.